పదమూడు వరుసల కోడిపెట్ట

మా పేపరును ఇప్పుడు నడుపుతున్న అబ్బాయి నన్నో సరదా ముక్క రాసిపెట్టమన్నాడు. పాత కట్టల్లోంచి ఏదో ఒక రోజు పేపరు తీసి, అందులో ఏమేం వార్తలున్నాయో చెప్పి, వెనకటి జనం ఎంత అమాయకులో ఇప్పటివాళ్ళు చదివి నవ్వుకునేలా ఉండాలట. "ఆ అక్షరాలన్నీ మీ చేత్తో పేర్చినవే కదా తాతగారూ, మీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?" అని నన్ను మునగచెట్టు ఎక్కించాడు. ఏ రోజైనా పర్వాలేదు, నవ్వొస్తే చాలన్నాడు.

పాత కట్టల దాకా వెళ్ళక్కర్లేదు. ఒక రోజు పేపరు నా ట్రంకుపెట్టెలో యాభై ఏళ్ళకు పైగా ఉంది. మడతల దగ్గర చిరిగి, టీ మరకల రంగుకి తిరిగింది. నాలుగు పేజీల సాయంత్రం పేపరు. నవ్వుకోవాలంటే అందులో సరుకు బోలెడుంది.

మొదటి పేజీలో పైన మునిసిపల్ ఛైర్మన్ గారి ఉపన్యాసం. వచ్చే నెలాఖరుకల్లా ఇంటింటికీ కుళాయి అన్నారు. మా వీధికి కుళాయి పదకొండేళ్ళ తర్వాత వచ్చింది. అప్పటికి ఛైర్మన్ గారు లేరు, ఆయన విగ్రహం ఉంది. దాని పక్కన కోర్టు వార్త. గాడిదొకటి కోర్టు హాల్లోకి నడిచొచ్చి సాక్షి బోనులో నిలబడితే, మేజిస్ట్రేటు గారు కేసు వాయిదా వేశారు. గాడిద ఎవరి తరఫున వచ్చిందో మా విలేఖరి రాయలేదు.

రెండో పేజీలో బట్టతలకి తైలం ప్రకటన. వాడక ముందు ఒక బొమ్మ, వాడిన తర్వాత ఒక బొమ్మ. రెండూ తారుమారయ్యాయి. మర్నాడు తైలం ఏజెంటు చేతికర్ర పట్టుకుని మా ఆఫీసు మెట్లెక్కాడు. మూడో పేజీలో గొడుగు పోయిందని ఒక ప్రకటన: నల్లటి గొడుగు, వంకర పిడి. ఊళ్ళో గొడుగులన్నీ నల్లవే, పిడులన్నీ వంకరే. దాని కింద, ఎక్కడో పరదేశంలో ఒక శాస్త్రజ్ఞుడు ఇంకో యాభై ఏళ్ళకి మనుషులు అన్నం మానేసి బిళ్ళలు మింగి బతుకుతారని చెప్పాడు. అది చదివి వినిపిస్తే మా అమ్మ, "గిన్నెలు తోమే పని తప్పుతుంది, మంచిదే" అంది. ఇప్పుడు నేను మింగే బిళ్ళలు చూస్తే అతను సగం నిజమే చెప్పాడు.

ఇక నాలుగో పేజీ. ఎడమపక్క కింద ఒక కోడిపెట్ట ఉంది. ఏదో ఊళ్ళో ఒక కోడిపెట్ట గడియారంలా టైము చెబుతోందట. ఎన్ని గంటలైతే అన్నిసార్లు అరుస్తుంది, అరగంటకి ఒకసారి అరుస్తుంది. యజమాని దాన్ని నమ్ముకుని గోడ గడియారం అమ్మేశాడట. ఆ వార్తకి వచ్చినంత పేరు మా పేపర్లో ఏ ఉపన్యాసానికీ రాలేదు. ఆ కోడి ఏ ఊళ్ళో ఉందో చెప్పమని నెలరోజులు ఉత్తరాలొచ్చాయి. ఒకాయన ఆ కోడికి పుట్టిన పిల్లలుంటే రెండు పంపమన్నాడు.

మొత్తం పదమూడు వరుసలు. ఆ కోడిని అక్కడ పెట్టింది నేనే.

*

ఆ ఎండాకాలం మిల్లులో సమ్మె. మా నాన్న నేతఖాతాలో పాతికేళ్ళ పనివాడు, కార్మికులకి పెద్దదిక్కు. పొద్దున్నే మొహం కడుక్కుని మిల్లు గేటు ముందు కూర్చునేవాడు, చీకటి పడ్డాక గొంతు పోయి వచ్చేవాడు. అన్నయ్య అదే మిల్లులో మగ్గాలు బాగుచేసే ఫిట్టరు. నేను మాత్రం మిల్లు ఎరగను. పేపరాఫీసులో కంపోజిటర్ని.

సమ్మె మూడో వారంలో మిల్లు పొగగొట్టం మళ్ళీ పొగ కక్కడం మొదలుపెట్టింది. మూసేసిన లారీల్లో ఎవరినో లోపలికి తీసుకెళ్తున్నారని, వాళ్ళని బయటికి పంపకుండా అక్కడే తిండీ పడకా పెడుతున్నారని ఊరంతా చెప్పుకుంది. ఎవరు వెళ్ళారో ఎవరికీ తెలియదు. మా నాన్న ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, "లోపలికెళ్ళినవాడు చచ్చినవాడి కిందే లెక్క. వాడికి ఇల్లు లేదు, వీధి లేదు" అన్నాడు. అదే మాట గేటు ముందు రోజుకి వందసార్లు అనేవాడు కాబట్టి మేమెవరం తలెత్తలేదు. అన్నయ్య మాత్రం నీళ్ళు తాగి, ఇంకో చెంబు ఇమ్మని వదినని అడిగాడు.

నాలుగు రోజుల తర్వాత అన్నయ్య రేవు పట్నం వెళ్తున్నానన్నాడు. అక్కడ స్నేహితుడి వర్క్‌షాపులో పని ఉందట, సమ్మె తేలేదాకా చేసుకొస్తాడట. నాన్న సరేనన్నాడు. అన్నయ్య మగ్గాల దగ్గర పుట్టినట్టుండే మనిషి, చేతులు ఖాళీగా పెట్టుకుని ఇంట్లో కూర్చోలేక మంచం కోళ్ళు విప్పి బిగిస్తున్నాడు మరి. వదిన రెండు జతల బట్టలు సర్దింది. తన సొంత పానా గుడ్డలో చుట్టుకుని పెట్టుకున్నాడు. నేను సందు చివరి దాకా సంచీ మోసాను.

"పేపర్లో మన మిల్లు సంగతి ఏదొచ్చినా చూస్తుండరా" అన్నాడు. "ఊళ్ళో ఏది జరిగినా అందరికంటే ముందు తెలిసేది నీకే కదా."

"నా వేళ్ళకి తెలుస్తుంది, నాకు కాదు" అన్నాను. అది మా కంపోజింగ్ గదిలో అందరూ అనే మాటే. అన్నయ్య నవ్వి నా నెత్తి మీద ఒకటిచ్చుకుని వెళ్ళిపోయాడు.

పది రోజులకి ఒక ఉత్తరం వచ్చింది. కులాసాగా ఉన్నాననీ, పని ఎక్కువగా ఉందనీ, దూది పొడికి కళ్ళు మండుతున్నాయనీ రాశాడు. స్టాంపు లేదు. ఎవరో ఊరికి వస్తుంటే ఇచ్చి పంపానన్నాడు. ఇంట్లో నలుగురం చదివాం. రేవు పట్నంలో ఇనప వర్క్‌షాపులో దూది పొడి ఎక్కడిదని ఒక్కరికీ తట్టలేదు.

*

నా వేళ్ళకి తెలుస్తుంది, నాకు కాదు అన్న మాట ఇప్పటివాళ్ళకి కాస్త విడమరచాలి. ఆ రోజుల్లో అచ్చంటే సీసపు అక్షరాలు. ముందర వందల గళ్ళున్న ఏటవాలు చెక్కపెట్టె ఉంటుంది. దాన్ని కేసు అంటాం. ఒక్కో గడిలో ఒక్కో అక్షరం. విలేఖరి రాసిన కాయితం ఎదురుగా పెట్టుకుని, గళ్ళలోంచి అక్షరాలు ఏరి, ఎడమచేతిలోని పట్టీలో తలకిందులుగా పేర్చాలి. చదవకూడదు. చదివితే చెయ్యి ఆగుతుంది. పనిలో చేరిన మొదటి రోజే మా మేస్త్రీ నాతో, "వార్త చదవాలనుంటే సాయంత్రం కొనుక్కుని చదువు. ఇక్కడ నువ్వు చూడాల్సింది అక్షరం, అర్థం కాదు" అన్నాడు. ఆయన సోడాబుడ్డి కళ్ళద్దాలతో గదంతా తిరుగుతూ ఎవరి పెదాలు కదులుతున్నాయో కనిపెట్టేవాడు. పెదాలు కదిలితే చదువుతున్నట్టు లెక్క, తిట్లు తప్పవు. రెండేళ్ళు తిరిగేసరికి పెళ్ళి పిలుపూ చావు కబురూ నాకు ఒక్కటే అయ్యాయి. గదిలో నా అంత చెయ్యి ఇంకెవరికీ లేదని నాకు బడాయి కూడా ఉండేది.

ఆ రోజు పొద్దున్న పదింటికి మా సైకిల్ విలేఖరి చెమటలు కక్కుకుంటూ వచ్చి, ఎడిటరు గారు ఇంకా రాకపోవడంతో కాయితాలు సరాసరి మేస్త్రీ చేతిలో పెట్టాడు. "మొదటి పేజీలో పైన రావాలి" అన్నాడు. తొందర పని వస్తే కాయితాలు పంచుతారు. పై కాయితం నా పక్క కేసు దగ్గర పనిచేసే బక్కోడికి, కింద కాయితం నాకు ఇచ్చాడు మేస్త్రీ. నా కాయితంలో పేర్లున్నాయి, వరుసకొకటి, అంతే. పేర్ల జాబితాలంటే మాకు రోజువారీ సరుకు: విరాళాలిచ్చినవాళ్ళో, పరీక్ష గట్టెక్కినవాళ్ళో. బక్కోడు గొడుగు ప్రకటన గురించి జోకులేస్తున్నాడు. నేను నవ్వుతూనే పదమూడు వరుసలూ పేర్చేశాను.

తొమ్మిదోది మా ఇంటిపేరు. దాని పక్కన అన్నయ్య పేరు. చిన్నప్పుడు పలక మీద నేను ముందు నేర్చుకున్నది ఆ ఇంటిపేరే. నా వేళ్ళకి అలవాటైన మాట కాబట్టి మిగతా పేర్లకంటే అది చకచకా పడి ఉంటుంది.

పదకొండింటికి ఎడిటరు గారు వచ్చారు. మేస్త్రీ తీసిచ్చిన ప్రూఫు, విలేఖరి కాయితాలు రెండూ పట్టుకుని గదిలోకి వెళ్ళారు. కాసేపటికి టెలిఫోను మోగింది. ఆయన 'చిత్తం' తప్ప ఇంకో మాట అనడం మాకు వినపడలేదు. బయటికొచ్చి ఆ కాయితాలన్నీ టీ కాచే పొయ్యిలో తనే స్వయంగా పెట్టారు. పెట్టి, ఏమీ జరగనట్టు చేతులు దులుపుకుని, వార్త మొదటి పేజీలోంచి నాలుగో పేజీకి పోవాలనీ, పేర్లన్నీ ఎత్తేయాలనీ, పైన రెండే వరుసలుండాలనీ చెప్పారు. ఆ రెండు వరుసలూ ఆయన చెప్తుంటే నేనే పేర్చాను. ఇదిగో, నా పేపర్లో కోడి నెత్తిన ఇప్పటికీ ఉన్నాయి: 'మిల్లు గోదాంలో పనికిరాని పాత దూదిని నిన్న తగలబెట్టారు. నష్టమేమీ లేదు.'

"నాలుగో పేజీలో రెండు వరుసలే వేస్తే కింద ఖాళీ పడుతుందండీ" అన్నాడు మేస్త్రీ.

"ఏదైనా పెట్టండయ్యా. నవ్వుకునేదేదైనా."

ఏదో దాస్తున్నారని మాకు తెలుసు. వారానికి రెండుసార్లు ఏదో ఒకటి దాచేవాళ్ళు, మాకది వింత కాదు. ఖాళీలు పూడ్చడానికని తీరిక వేళల్లో పేర్చి పెట్టుకున్న వింత వార్తలు నా దగ్గర ఓ పళ్ళెం నిండా ఉండేవి. దారంతో కొలిచాను. కోడి సరిగ్గా సరిపోయింది.

*

ఒంటిగంటకి మిషను తిరగడం మొదలైంది. భోజనాలయ్యాక మాకు విప్పే పని. అచ్చు కాని ముక్కలూ, అచ్చయిపోయిన పేజీలూ విప్పి ఏ అక్షరాన్ని ఆ గడిలో వేసేయాలి. రేపటి వార్తలూ ఆ అక్షరాలతోనే. పేర్చేటప్పుడు చదవక్కర్లేదు కానీ విప్పేటప్పుడు చదవాలి. ఒక్కో మాట వేళ్ళ మధ్య ఎత్తి, అదేమిటో చదువుకుని, ఆ వరసనే గళ్ళలోకి రాల్చాలి. అలా చదివింది చదివినట్టే మర్చిపోతాం, లేకపోతే తర్వాతి మాట చేతికి రాదు.

బక్కోడు గడియారం అమ్మేసినవాడి తెలివిని మెచ్చుకుంటున్నాడు. కోడికి జ్వరం వస్తే ఊరంతా ఆఫీసుకి ఆలస్యమేనా అన్నాను నేను. మాట్లాడుకుంటూనే ఒక పేరు విప్పాను, రెండు విప్పాను, ఎనిమిది విప్పాను. తొమ్మిదోది ఎత్తాను. మా ఇంటిపేరులో రెండక్షరాలు గళ్ళలో పడ్డాక చెయ్యి ఆగిపోయింది.

"ఏమైందిరా?" అన్నాడు బక్కోడు.

"పొద్దున్న నీ కాయితంలో ఏముంది?"

"ఏమో. నేను చదివానా?"

"విప్పేశావా?"

"చిన్నక్షరాలు విప్పేశా. తలకట్టు ఉంది."

పెద్దక్షరాల కేసు వేరే గదిలో ఉంటుంది. అందుకని తలకట్టు, అంటే వార్త పైనుండే శీర్షిక, విప్పడం ఆఖరికి వదిలేస్తాం. బక్కోడు పళ్ళెం నా వైపు తిప్పాడు. ఇద్దరం తలకిందులుగా చదివాం: 'గోదాంకు బయట తాళం. లోపల మంటలు. పదమూడు మంది మృతి.'

మేస్త్రీ వచ్చి నా పెదాలు కదలడం చూశాడు. తిట్టబోయి ఆగాడు. "ఇందులో మా అన్నయ్య పేరుందండీ" అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మిగిలిన వరుసల మీదికి వంగాడు. అయిదున్నాయి. ముందటి ఎనిమిదీ ఎవరివని అడిగాడు. నేను కేసు కేసి చూశాను. ఎనిమిది మంది మనుషులు వందల గళ్ళలో కలిసిపోయారు, ఎవరి అక్షరం ఏదో దేవుడికి కూడా తెలియదు. ఒక్క పేరు, ఒక్క ముక్క గుర్తు లేదు. కోడి గురించి అన్న జోకులన్నీ గుర్తున్నాయి.

మా ఇంటిపేరులో పడిపోయిన రెండక్షరాల్నీ గళ్ళలోంచి తీసి మళ్ళీ పెట్టాను. పడినవే వచ్చాయో, వేరేవి వచ్చాయో చెప్పలేను. మేస్త్రీ ఆఫీసు గది తలుపు వైపు ఒకసారి చూసి, తలకట్టునీ అయిదు పేర్లనీ దారంతో కట్టి, సిరా పూసి, తడి కాయితం పరిచి పిడికిలితో నొక్కి ఒక ప్రూఫు తీశాడు. "ఇది నేనివ్వలేదు" అని నా జేబులో పెట్టాడు.

*

నాన్న గేటు దగ్గరే ఉన్నాడు. సాయంత్రం పేపరు అప్పటికే అక్కడికొచ్చేసింది. పాతికమంది చుట్టూ చేరితే నాన్న కోడి వార్త పైకి చదువుతున్నాడు. అయిదు వారాలుగా అరిచి అరిచి పోయిన గొంతుతో కోడిలా పన్నెండుసార్లు కూసి చూపిస్తున్నాడు. జనం విరగబడి నవ్వుతున్నారు. ఆ ఎండాకాలంలో మా నాన్న నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

"ఒరేయ్, ఇది నిజమేనా? నువ్వే వేశావా దీన్ని?" అన్నాడు నన్ను చూసి. నాకు అక్షరాలొచ్చని నాన్నకి గర్వం. నలుగురిలో ఉన్నప్పుడు అలాగే అడిగేవాడు.

నేను ప్రూఫు తీసిచ్చాను. నాన్న చదివాడు. ఆయన మెల్లగా, పెదాలు కదుపుతూ చదువుతాడు. ఒకసారి చదివి, మళ్ళీ మొదటినుంచి చదివాడు.

"లోపలున్నాడా?" అన్నాడు.

చచ్చిపోయాడా అని కాదు, లోపలున్నాడా అనడిగాడు. తలాడించాను. కాయితం మడిచి విప్పి, మడిచి విప్పి, తర్వాత లేచి నిలబడ్డాడు. తలకట్టు పైకి చదివాడు. పేర్లు చదవబోతుంటే వెనకనుంచి ఎవరో, "లోపలివాళ్ళ పేర్లు మనకెందుకు పెద్దాయనా? చచ్చినవాళ్ళ కిందే లెక్కన్నావు కదా" అన్నారు. ఎగతాళికన్నది కాదది. నాన్న మాటే నాన్నకి అప్పజెప్పాడు పాపం, అంతే.

"మొదటిది మావాడు" అన్నాడు నాన్న. అయిదు పేర్లూ చదివి, కాయితం నా చేతికిచ్చి, కండువా దులుపుకుని ఇంటివైపు నడిచాడు. సమ్మె అయ్యేదాకానే కాదు, ఆ తర్వాత బతికిన ఆరేళ్ళూ ఆ గేటు ఉన్న రోడ్డు తొక్కలేదు. సంతకి వెళ్ళాలన్నా చుట్టు తిరిగి వెళ్ళేవాడు.

ఇంట్లో అమ్మ ఏడుపు గురించి నేను రాయను. వదిన మాత్రం ఏడవడానికి ముందు కాయితం అడిగి తీసుకుని చూసింది. "పదమూడన్నారు. అయిదే ఉన్నాయి" అంది.

"ఎనిమిది నేను విప్పేశాను వదినా."

"వాళ్ళింట్లోవాళ్ళకి ఎవరు చెప్తారు?"



*

ఎనిమిదో రోజున మిల్లువాళ్ళు గేటుకి నోటీసు అంటించారు. ప్రమాదంలో అయిదుగురు పోయారట. అయిదు పేర్లు, నా ప్రూఫులో ఉన్న వరసలోనే, ఒక్క అక్షరం తేడా లేకుండా. మిగతావాళ్ళెవరూ తమ మిల్లులో లేనే లేరన్నారు. శవాలన్నీ ముందే ఎక్కడో బూడిద చేసేశారు, లెక్కపెట్టుకోడానికి ఏమీ మిగల్లేదు. సైకిల్ విలేఖరిని పేర్లు తెచ్చిన రోజు మధ్యాహ్నమే ఊరు దాటించేశారు. సైకిలు మాత్రం చాన్నాళ్ళు ఆఫీసు గోడకి ఆనించే ఉంది.

ఆ ఎండాకాలం పని కోసం వేరే ఊళ్ళు వెళ్తున్నామని చెప్పి వెళ్ళిన మగవాళ్ళు మా పేటలోనే యాభైమంది ఉంటారు. వాళ్ళలో చాలామంది నిజంగానే వెళ్ళారు, ఉత్తరాలొచ్చాయి, మనుషులొచ్చారు. రాని ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఒక్కొక్కరే నన్ను వెతుక్కుంటూ రావడం మొదలుపెట్టారు. మొదట్లో నిజమే చెప్పాను. గుర్తు లేదమ్మా అన్నాను. నాలుగింటికి అందరూ వెళ్ళిపోయాక కళ్ళకి తువ్వాలు కట్టుకుని, కేసు మీద చేతులు పెట్టి, వేళ్ళు వాటంతటవే ఎటైనా వెళ్తాయేమోనని చూసేవాణ్ణి. మేస్త్రీ ఒకసారి తలుపు తీసి, చూసి, చప్పుడు చేయకుండా మూసి వెళ్ళాడు. వేళ్ళు ఎటూ వెళ్ళలేదు.

మిల్లులో నూలు కండెలు మోసే ఒకతని భార్య నాలుగోసారి వచ్చింది. ఆఫీసు మెట్ల మీద కూర్చుని, "ఉంటే ఉందను బాబూ, లేకపోతే లేదను. ఇలా మధ్యలో వేలాడ్డం నావల్ల కావట్లేదు" అంది. పిల్లలిద్దరూ రోజూ సాయంత్రం సందు చివరికెళ్ళి నిలబడుతున్నారట.

"ఉందమ్మా" అన్నాను.

ఆవిడ తలెత్తి, "ఎన్నోది?" అంది.

అది అడుగుతుందని నేననుకోలేదు. "మూడోది" అన్నాను.

మూడోది అని తనలో తను అనుకుని, కొంగుతో మొహం తుడుచుకుని లేచి వెళ్ళిపోయింది. మర్నాడు ఆ ఇంట్లో ఏడుపులు వినపడ్డాయి. ఆ వారం నుంచి పిల్లలు సందు చివర నిలబడడం మానేశారని వదిన చెప్పింది. నేను చేసింది పాపమో పుణ్యమో తేల్చుకోలేకపోయాను, ఇప్పటికీ అంతే.

ఆ కబురు పాకింది. కంపోజిటరుకి పేర్లు గుర్తొస్తున్నాయన్నారు. తొలకరి పడేలోగా ఒక్కొక్కరే వచ్చారు. ఒకావిడకి మొదటి వరుస చెప్పాను, ఒకావిడకి ఏడోది. ఒక ముసలితండ్రికి నాలుగోది. అందరూ ఎన్నోదని అడిగేవారు. ఒకే వరుస ఇద్దరికి చెబితే వాళ్ళు వీధి కుళాయి కోసం పెట్టిన సంతకాల దగ్గరో, రేషను వరసలోనో కలుసుకుని మాట్లాడుకుంటారని భయం. అందుకని ఏ వరుస ఎవరికిచ్చానో గట్టిగా గుర్తుపెట్టుకున్నాను. గుర్తుపెట్టుకోవాల్సినప్పుడు పెట్టుకోలేనివాణ్ణి ఇప్పుడు మాత్రం ఒక్కటీ మరవలేదు.

ఎనిమిదీ అయిపోయాయి.

వానలు మొదలై, ఇరుపక్షాలూ అలిసిపోయి, మిల్లు తెరిచిన వారంలో తొమ్మిదో ఆవిడ వచ్చింది. టోపీలు కుట్టేది, మా వెనక సందే. మొగుడు నూలు రంగులద్దే పనివాడు, అతనూ ఆ ఎండాకాలం వెళ్ళి రాలేదు. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదంటే, అడగాలంటే భయమేసిందంది. భర్త పేరు చెప్పి, చేతులు కట్టుకుని నిలబడింది. నేను ఆ పేరు కేసి ఆలోచించనైనా లేదు. ఏ వరుస ఖాళీ ఉందా అని ఆలోచించాను. ఖాళీ లేదు.

"లేదమ్మా" అన్నాను. "ఆ పేరు లేదు."

ఆవిడ మొహం ఎలా వెలిగిందో చెప్పడం నా చేతకాదు. సిరా మరకలున్న నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. "నాకు తెలుసు. ఎక్కడో ఒకచోట ఉంటాడు. మీ నోట వింటే చాలనుకున్నా" అంది. వెళ్తూ వెళ్తూ మా వదినని కూడా పలకరించి, ధైర్యం చెప్పి వెళ్ళింది.

*

మిగతా కథ పొడుగేమీ లేదు. ఆ తర్వాత నేను ప్రతి మాటా చదివి పేర్చాను. చెయ్యి నెమ్మదించింది, జీతం పెరగలేదు. మేస్త్రీ నా పెదాల కదలికను చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. వదిన మిల్లు బడిలో ఆయాగా చేరి, పిల్లలకి దిద్దబెడుతూ తనూ అక్షరాలన్నీ గట్టిగా నేర్చుకుంది. వెనక సందు టోపీలావిడ తలుపుకి గడియ పెట్టుకోకుండా యాభై ఏళ్ళు పడుకుంది. దారిలో ఎదురైతే, "మీరు ఆ రోజు చెప్పకపోతే నేనేమైపోయేదాన్నో" అనేది. ఆవిడకి రెండో సంబంధం వచ్చిందని, మొగుడు బతికుండగా ఇదేం మాటని కసిరికొట్టిందని తెలుసు. ఒకసారైనా పిలిచి నిజం చెబుదామనుకునేవాణ్ణి. ఏది నిజమో నాకు తెలిస్తే కదా.

ఆవిడ పోయి నెలైంది. మన పేపర్లోనే చిన్న ప్రకటన వచ్చింది. ఇప్పుడు సీసం లేదు, కేసు లేదు, ఈ ముక్క రాయమన్న అబ్బాయే మిషను ముందు కూర్చుని టకటకా కొట్టేశాడు. భర్త పేరు ముందు 'కీర్తిశేషులు' అని పెట్టలేదేమిరా అని అడిగితే, పెట్టొద్దని ఆవిడే ముందుగా రాసిపెట్టుకుందన్నాడు.

ఆ పేరు నేను విన్నాను కానీ అచ్చులో ఎప్పుడూ చూడలేదు. పేపరు మోకాళ్ళ మీద పెట్టుకుని, కళ్ళద్దాలు సర్దుకుని, అక్షరం అక్షరం చదివాను. చదువుతుంటే కుడిచెయ్యి దానంతటదే లేచింది. పైన ఎడమవైపు గడి, కింద మూల గడి, మధ్యలో గడి. ఎక్కడా తడుముకోలేదు. చివరి అక్షరానికి ఒత్తు అరిగిపోయి ఉంటే ఆ రోజు పారేసి వేరేది తీసిన సంగతి కూడా వేలికి తెలిసింది. ముసలితనం వల్ల కలిగిన భ్రమేమోనని పేపరు మూసి, మర్నాడు మళ్ళీ తెరిచాను. చెయ్యి మళ్ళీ అలాగే వెళ్ళింది. ఎడమచెయ్యి పట్టీ పట్టుకున్నట్టు వంగింది, అందులో అప్పటికే పేర్చిన మూడు వరుసల బరువుంది.

అందుకని బాబూ, నువ్వడిగిన సరదా ముక్క ఇది. గాడిదా, గొడుగూ, బట్టతలా నీ ఇష్టం, ఉంచితే ఉంచు, తీసేస్తే తీసెయ్. కోడి మాత్రం ఉండనీ, ఇప్పటికీ జనం నవ్వుతారు. కానీ ఆ టోపీలావిడ భర్త పేరు నాలుగో వరుసలో ఉంది. నాలుగో వరుస నేను ఇంకొకరికి ఇచ్చేశాను.